చూపుడు వేలు ఒక లైన్లో, నోరు ఇంకో లైన్లో

మా తమ్ముడికి వేమన పద్యాలు ఎన్ని వచ్చో ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు. అనంతపురం పాతూరులో మా ఇల్లు. ముందు గదిలో మా నాయన చిల్లర అంగడి, వెనక గదుల్లో మేము. సాయంత్రం అంగడికి వచ్చినవాళ్లు, నాయన బెల్లమో చింతపండో పొట్లం కట్టేలోపు "చిన్నోడా, ఒక పద్యం చెప్పప్పా" అని అడిగేవాళ్లు. వాడు శెనక్కాయల మూట మీద ఎక్కి కూర్చుని ఒకటి అడిగితే నాలుగు చెప్పేవాడు. గూగూడు పీర్ల పండుగకు పోయి వచ్చిన ఏడాది, అక్కడ రావిచెట్టు కింద ఎవరో పెద్దాయన చెప్పిన కుళ్ళాయిస్వామి కథ ఒక్కసారి విని, ఇంటికొచ్చి మా అవ్వకు మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఆయన దగ్గిన దగ్గుతో సహా అప్పజెప్పాడు. అంగడిలో ఎవరెంత బాకీ ఉన్నారో అమ్మ పుస్తకం తెరిచి చూసేలోపే వాడు చెప్పేసేవాడు, అమ్మ తర్వాత చూసుకుంటే పైసాతో సహా సరిపోయేది.

ఆ పిల్లోడే నాలుగో తరగతిలో "పుస్తకం" రాయమంటే "పుతకం" అని రాసేవాడు.

ఇది 1980ల మధ్యలో సంగతి. వాడి నోటుబుక్కులు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి, ఎందుకంటే నేను వాడికంటే మూడు తరగతులు పైన, రాత్రి పూట వాణ్ణి చదివించే పని నాదే. ఒత్తు ఉంటే ఎగిరిపోయేది, లేదంటే పక్క అక్షరం కిందికి చేరేది. "అమ్మ" "అమ" అయ్యేది. "వెన్నెల" అనే మాట ఒకే పేజీలో పైన "వెనెల", మధ్యలో "వెన్నల", కింద "వెనలె". మూడూ వాడి చేత్తోనే, ఒకే రోజు రాసినవి. మ, య తారుమారు, ప, ష, వ తారుమారు, ధ, థ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. చూచిరాతలో తప్పులు కొంచెం తక్కువే, కానీ ఒక్కో అక్షరానికి ఒకసారి తలెత్తి బోర్డు చూడాలి, మళ్లీ దించి రాయాలి, సారు బోర్డు తుడిచే సమయానికి సగం కూడా అయ్యేది కాదు. గుణింతం మాత్రం పాటలాగా వచ్చేది. కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు అని క్లాసంతా అరుస్తుంటే అందరికంటే గట్టిగా వాడి గొంతే వినిపించేది. అదే "కు" పలక మీద రాసి చూపిస్తే ఏదో తెలియని ఊళ్లో బస్సు దిగినవాడిలాగా చూసేవాడు.

తెలుగు వాచకం మాత్రం గడగడా చదివేవాడు. పక్కన కూర్చున్న నాకు తప్ప ఇంకెవరికీ కనిపించనిది ఒకటుంది. వాడి చూపుడు వేలు ఒక లైన్లో ఉండేది, నోరు ఇంకో లైన్లో ఉండేది. నేను ముందు రోజు చదివి వినిపించిన పాఠం వాడికి మొత్తం వచ్చేసేది, దాన్ని పేజీ ముందు పెట్టుకుని చెప్పేవాడు. ఒకోసారి పేజీ తిప్పకుండానే తర్వాతి పేజీలోకి పోయేవాడు.

దీనికి వాడికి దొరికిన పేర్లు అన్నీ ఇన్నీ కావు. మొద్దు, సోమరి, పొగరుబోతు, మనసు పెట్టడు, కావాలనే చేస్తాడు. నోటితో అంత బాగా చెప్పేవాడు రాయడం లేదంటే కావాలని చేస్తున్నట్టే కదా అని ఒక సారు లెక్క. ఆ లెక్క ప్రకారం బెత్తం దెబ్బలు, గోడకుర్చీ, తొడపాశాలు, క్లాసులో ఆడపిల్లల బెంచీ పక్కన నిలబెట్టడం. పరీక్షల ముందు వాడికి కడుపునొప్పి వచ్చేది. అది దొంగనొప్పి అని అందరూ అన్నారు గానీ రాత్రి నా పక్కన పడుకున్నప్పుడు వాడి పొట్ట పట్టుకుని చూసిన దాన్ని నేను, గట్టిగా బిగుసుకుపోయి ఉండేది. టెన్షన్ అనే మాట అప్పుడు మా ఇంట్లో ఇంకా వాడుకలోకి రాలేదు.

అవ్వ తనకు తెలిసినవన్నీ చేసింది. వసకొమ్ము అరగదీసి నాలుక మీద రాసింది, సరస్వతి ఆకు నెయ్యిలో వేయించి పెట్టింది, దర్గాలో అంత్రం కట్టించింది. అవి చేసేటప్పుడు అవ్వ వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకునేది, తిట్టకుండా తల నిమిరేది. ఆ రోజుల్లో ఆ పిల్లోడికి చదువు పేరు మీద దొరికిన మంచి మాట అదొక్కటే, కాబట్టి ఎవరైనా ఆ వసకొమ్మును తక్కువ చేసి మాట్లాడితే నేను ఊరుకోను. కళ్ల డాక్టరు దగ్గరికి కూడా తీసుకుపోయారు, చూపు బాగుందని పంపించేశాడు.

ఐదో తరగతిలో కొత్త అయివారు వచ్చారు. కళ్యాణదుర్గం రోడ్డు వైపు నుంచి సైకిల్ మీద వచ్చేవారు, హ్యాండిల్‌కు ఎప్పుడూ ఒక గుడ్డసంచీ వేలాడేది. అందులో పిల్లల బొమ్మల పుస్తకాలు ఉండేవి. ఒకరోజు వాచకం కాకుండా అందులోంచి ఒకటి తీసి మా వాడి చేతికిచ్చి చదవమన్నారట. కోడిపుంజు బొమ్మ, కింద "పుంజు" అని అక్షరాలు. వీడు "కోడి" అన్నాడు. అయివారు అరచెయ్యి బొమ్మ మీద పెట్టి మూసేసి, ఇప్పుడు చదువు నాయనా అన్నారు. వీడు నోరు తెరవలేదు. ఆయన కూడా ఏమీ అనలేదు, నవ్వలేదు, తిట్టలేదు, పుస్తకం మూసి వేరే పిల్లోణ్ణి పిలిచారు.

ఆ సాయంత్రం సైకిల్ మా అంగడి ముందు ఆగింది. అప్పుడు నేను లోపల వాకిట్లో బియ్యం ఏరుతున్నా, వాళ్ల మాటలన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి.

"అన్నా, మీవాడు సోమరి కాదు. నేను నోటితో అడిగితే సోషల్ అంతా చెప్తాడు. పేపరు మీద అడిగితే తెల్లకాగితం ఇస్తాడు. తెలివి లేక కాదు, అక్షరం దగ్గరే వానికి కష్టం. కొట్టి లాభం లేదు, కొట్టనియ్యొద్దు."

నాయన చాలాసేపు తూకం రాళ్లు సర్దుతూ ఉండిపోయి, చివరికి అన్నాడు. "నాకూ అంతే సామీ. అక్షరాలు నా మాట వినవు. అందుకే మూడుతోనే బడి మానేసి అంగట్లో కూర్చుంటి."

మా ఇంటికి రోజూ పేపరు వచ్చేది. "కండ్లు మంటగా ఉన్నాయి, నువ్వు చదువుమా" అని నాయన నాకే ఇచ్చేవాడు. ఎండాకాలమైనా చలికాలమైనా ఆయన కళ్లు మంటగానే ఉండేవి. అమ్మే ఎందుకు బాకీల పుస్తకం రాసేదో, నాయన సంతకం ఎప్పుడూ ఒకే సైజులో బొమ్మ గీసినట్టు ఎందుకు ఉండేదో ఆ సాయంత్రం నాకు అర్థమైంది.

అయివారు చేసిన పనులకు ఏ పేరూ పెట్టలేదు. ఏ ట్రైనింగులో నేర్చుకున్నారో, సొంతంగా తోచిందో నాకు తెలియదు. బడి అయిపోయాక అరగంట, అంతే, ఎప్పుడూ అంతకు మించి కూర్చోబెట్టలేదు. ఒక తట్టలో ఇసుక పోసి, రెండు వేళ్లతో అక్షరం రాస్తూ దాని శబ్దం పైకి చెప్పించేవారు. ఒక అక్షరం కుదురుకున్నాకే ఇంకోటి. మ, య లాంటి జంటల్ని ఒకే వారంలో ఎప్పుడూ నేర్పలేదు. ఒకటి బాగా పాతుకున్నాకే రెండోది. మాటను చప్పట్లతో ముక్కలు చేయించేవారు, ప-ల-క అని. తర్వాత అసలు ఆట మొదలయ్యేది. పలకలో ప తీసేయ్, చి పెట్టు, ఏమైంది? చిలక. చి తీసి మొ పెట్టు. మొలక. మొ తీసి గి పెట్టు. గిలక! వీడు గిలక దగ్గరికి వచ్చేసరికి ఎగిరి గంతేసేవాడు. ఆ ఆట మా ఇంట్లో కూడా పట్టుకుంది, రాత్రి అన్నాలు తింటూ ఆడేవాళ్లం, అవ్వ కూడా ఆడేది. అవ్వకు అక్షరం ముక్క రాదు, కానీ ఈ ఆటలో మా అందరినీ ఓడించేది.

ఇంకో పని చేశారు, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. పరీక్షల్లో ప్రశ్న చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పించుకుని దానికి మార్కులు వేశారు. తెలుగుకు కాదు, మిగతా సబ్జెక్టులకు. "నేను పరీక్ష పెట్టింది వానపాము గురించి, ఒత్తుల గురించి కాదు" అన్నారట హెడ్మాస్టరు గారితో. ఆ ఏడాది మా వాడికి కడుపునొప్పి రాలేదు.

ఇప్పుడు దీన్ని డిస్లెక్సియా అంటారని మనలో చాలామందికి తెలుసు. నాకు పెద్దయ్యాక దీని గురించి చదువుతుంటే ఒకచోట గుండె ఆగినంత పనైంది. ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు 1896లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 14 ఏళ్ల పిల్లోడి గురించి రాశాడు. తెలివైనవాడు, చూపు బాగుంది, ఏళ్ల తరబడి చదువు చెప్పించినా మాటలు చదవలేడు. చదువంతా నోటితోనే సాగితే బడిలో వీడే అందరికంటే చురుకైనవాడు అయ్యేవాడని వాడి పంతులు చెప్పినట్టు ఆ డాక్టరు అందులోనే రాశాడు. మా అంగడి ముందు సైకిల్ ఆపి మా అయివారు చెప్పిందీ అదే. దాదాపు 90 ఏళ్ల ముందే ఒక డాక్టరు కాగితం మీద పెట్టిన సంగతి తెలియకనే మా తమ్ముడు గోడకుర్చీ వేశాడు, వాడికంటే ముందు మా నాయన వేసుంటాడు.

కంటి జబ్బు కాదిది, బుద్ధిమాంద్యం అంతకన్నా కాదు. మాటలోని శబ్దాలను విడదీసి, వాటిని అక్షరాలకు ముడిపెట్టే పని మెదడులో కష్టంగా జరుగుతుంది. కుటుంబాల్లో నడుస్తుంది, తండ్రికో మేనమామకో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. కొందరికి చదవడం దగ్గర కాకుండా రాత దగ్గర వస్తుంది, దాన్ని డిస్‌గ్రాఫియా అంటారు. కొందరికి అంకెల దగ్గర, అది డిస్‌కాల్క్యులియా. ఒకే పిల్లకు రెండూ ఉండొచ్చు. ఇంకో సంగతి, తెలుగులో రాసినట్టే చదువుతాం కాబట్టి ఇలాంటి పిల్లల్లో చాలామంది ఎప్పటికో ఒకప్పుడు పెద్దగా తప్పుల్లేకుండా చదవడం నేర్చుకుంటారు, కానీ నెమ్మది మాత్రం పోదు. ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఆ దారి కూడా లేదు. మా వాడు ఆరో తరగతిలో ఇంగ్లీషు మొదలవగానే మళ్లీ మొదటికొచ్చాడు. పదో తరగతి మొదటిసారే గట్టెక్కలేదు, తర్వాత గట్టెక్కాడు. ఇలాంటి పిల్లలందరూ లోపల మహామేధావులు అనే మాట ఈమధ్య చాలా వింటున్నా, నాకది నచ్చదు. మా తమ్ముడు మేధావి కాదు, మంచి అంగడి నడుపుతున్నాడు, ఇప్పటికీ పేపరు నెమ్మదిగా చదువుతాడు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలే పెడతాడు. మేధావి అయితేనే కొట్టకూడదా? మామూలు పిల్లోడైనా కొట్టకూడదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుకుంటున్నానంటే వాడి కూతురు. ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి. నోటితో ఏది అడిగినా చెప్తుంది, "అత్తా, కథ చెప్పనా" అని మొదలుపెడితే ఆపదు. రాతకొచ్చేసరికి మళ్లీ ఆ ఎగిరిపోయిన ఒత్తులు. బడివాళ్లు ట్యూషన్ పెట్టించమన్నారు. రెండు గంటల ట్యూషన్ అంటే బడిలో రాని పద్ధతినే ఇంటి దగ్గర ఇంకో రెండు గంటలు సాగదీయడం. మా తమ్ముడు ఒప్పుకోలేదు. వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు కదా.

అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గరే కాబట్టి అక్కడి నిమ్హాన్స్ అనే మెదడు, మనసు జబ్బుల ఆసుపత్రికి తీసుకుపోయారు, నేనూ వెంట పోయా. ముందు చూపు, వినికిడి బాగున్నాయో లేదో చూస్తారు. తర్వాత తెలివితేటల పరీక్ష, ఆపైన చదవడం, రాయడం, స్పెల్లింగు, లెక్కలు, బొమ్మ చూసి గీయడం, ఇవన్నీ విడివిడిగా. పుట్టినప్పటి నుంచి ఎప్పుడు మాట్లాడింది, ఎప్పుడు నడిచింది అన్నీ అడుగుతారు. సైకాలజిస్ట్ అమ్మాయి రాసుకుంటూ రాసుకుంటూ "కుటుంబంలో ఇంకెవరికైనా చదువులో ఇలాంటి ఇబ్బంది ఉందా?" అని అడిగింది. మా తమ్ముడు కుర్చీలో కొంచెం ముందుకు జరిగి "నాకుందమ్మా. మా నాయనకు కూడా ఉండేది" అన్నాడు. ఏ తడబాటూ లేకుండా, మా ఊరు ఫలానా అని చెప్పినట్టు చెప్పాడు. పక్కన ఆ పిల్ల తల తిప్పి వాళ్ల నాయన వైపు చూసింది చూడండి, ఆ చూపు గురించి నేనింకేమీ రాయలేను.

అప్పటికీ ఇప్పటికీ ఉన్న తేడా ఏంటంటే, ఇప్పుడు చట్టం ఉంది. 1995లో వచ్చిన వికలాంగుల చట్టంలో ఈ ఇబ్బంది పేరే లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో దీన్ని కూడా చేర్చింది. పిల్లల్లో దీన్ని వీలైనంత తొందరగా గుర్తించి తగిన బోధన అందించడం బడి బాధ్యత అని కూడా అందులోనే ఉంది. అంటే టీచర్ను మనం బతిమాలుకోవాల్సిన పని లేదు, అడగొచ్చు. ఎనిమిదేళ్లు దాటాక మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది. 2018 మార్గదర్శకాల ప్రకారం మళ్లీ 14 ఏళ్లకు, 18 ఏళ్లకు చూపించుకోవాల్సి ఉండేది. సీబీఎస్‌ఈ లాంటి బోర్డు పరీక్షల్లో రాసిపెట్టే మనిషిని, అదనపు సమయాన్ని ఇస్తారు. ఆ అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదని కేంద్రం మార్గదర్శకాలు చెప్తున్నాయి. ప్రభుత్వ బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం డాక్టర్ల టీము చూసే సమస్యల్లో కూడా చదువులో వచ్చే ఈ ఇబ్బంది ఉంది, వాళ్లు వచ్చినప్పుడు నోరు తెరిచి అడగాలి.

ఎనిమిదేళ్లు సర్టిఫికెట్‌కు మాత్రమే, సాయం చేయడానికి అంతదాకా ఆగొద్దు. ఒకటో తరగతి పిల్ల అక్షరం తిప్పి రాస్తే కంగారు పడక్కర్లేదు, ఆ వయసులో చాలామంది రాస్తారు. మాటలు ఆలస్యంగా రావడం, ప్రాస పట్టుకోలేకపోవడం, నిన్న వచ్చిన అక్షరం ఈరోజు రాకపోవడం, ఒకే మాటను మూడు రకాలుగా రాయడం, నోటికీ చేతికీ మధ్య ఇంత దూరం ఉండటం, బడి అనగానే కడుపునొప్పి, ఇవన్నీ కలిసి కనిపిస్తూ, నెలలు గడిచినా తగ్గకపోతే చూపించాలి. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. అర్థం కాని భాషలో చదవలేకపోయిన ప్రతి పిల్లకూ డిస్లెక్సియా అనుకోకూడదు. తెలుగులో కూడా అదే కష్టం ఉందో లేదో చూడాలి, పరీక్ష చేసేవాళ్లకు ఇంటి భాష ఏదో చెప్పాలి. మూడు నెలల్లో పూర్తిగా పోగొడతాం అని డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి మాత్రం దయచేసి పోవద్దు. ఇది పోయే రోగం కాదు, నేర్పే పద్ధతి మార్చాలి అంతే.

మా ఇంట్లో ఇప్పుడు ఇసుక తట్ట మళ్లీ వచ్చింది. స్పెషల్ టీచర్ చెప్పిన వర్కు రోజూ కొంచెం కొంచెం, పిల్ల అలసిపోయేలోపు ఆపేస్తారు. పలక, చిలక, మొలక నేర్పింది మా తమ్ముడే, కొత్తవి కూడా కలిపాడు. మొన్న యూనిట్ టెస్టులో క్లాస్ టీచర్ పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలు చదివి వినిపించిందట. సైన్సులో 20కి 17 వచ్చాయి, తెలుగులో 9. ఆ 9 తన చేత్తో రాసుకున్నవే. లెక్కల్లో కూడికలు బాగానే చేస్తోంది, మాటల లెక్కలు మాత్రం చదవలేక వదిలేస్తోంది, వాటిని కూడా చదివి వినిపించమని లెక్కల సారును అడగాలి. శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది, మా తమ్ముడు అంగడి మూసి పోతానన్నాడు, నేను కూడా నిమ్హాన్స్ రిపోర్టు జిరాక్స్ తీయించి పెట్టుకున్నా.